మంగళవారాల నొప్పి పాఠాలు

జనవరి 14, మంగళవారం

ఒప్పుకున్నాడు! ప్రేబెన్ ఒప్పుకున్నాడు! ఎనిమిది పీరియడ్లు! మే లోపు, వీలు దొరికిన మంగళవారాల్లో ఎనిమిదో తరగతికి నొప్పి గురించి పాఠం. పన్నెండు అడుగుదామని వెళ్ళాను. హెడ్‌మాస్టర్ ముఖం చూసి ఎనిమిదికి దిగాను.

"ఎముకలూ కండరాలూ ఎలాగూ చెప్తావు కదా వీబెకె, మళ్ళీ దీనికి వేరే పాఠం ఏంటి?" అన్నాడు.

"ఎముక అతుక్కున్నాక కూడా నొప్పి ఎందుకు పోదో ఏ పుస్తకంలో ఉందో చూపించు. చూపిస్తే ఇప్పుడే వెళ్ళిపోతా."

"మెల్లగా. నేను నీ ఎదురుగానే ఉన్నా."

నేను అరుస్తున్నానట. అరవనా మరి? ఆరేళ్ళు ప్రతి ఇంటర్వెల్‌లోనూ స్టాఫ్‌రూమ్ నేల మీద వెల్లకిలా పడుకున్నదాన్ని. అందరూ నన్ను దాటుకుంటూ వెళ్ళి కాఫీ పోసుకునేవారు. నడుము విరిగిపోయిందనే అనుకున్నాను. యాభై ఒకటో ఏట క్లినిక్‌లో ఫిజియోథెరపీ చేసే ఒక చిన్నమ్మాయి నలభై నిమిషాల్లో విషయం చెప్పింది: గాయం మానిపోయింది, కాపలా మాత్రం మానలేదు అని. నాకు సంతోషం కన్నా ముందు ఒళ్ళు మండింది. ఈ సంగతి పద్నాలుగేళ్ళప్పుడు నాకెవరూ ఎందుకు చెప్పలేదు? ఇప్పుడు నేను చెప్తాను.

గది బయటికి వస్తుంటే ప్రేబెన్, "ఆ ఉత్సాహమంతా ముందు ఒక పుస్తకంలో రాసుకో, మిగిలింది నా దగ్గరికి పట్టుకురా" అన్నాడు. సరే. పుస్తకం కొన్నాను. ఇక్కడ అరిచినా వినేవాళ్ళు లేరు.

జనవరి 21, మంగళవారం

మొదటి పాఠం. నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

బాగా చల్లబరిచిన ఇనప కడ్డీ ఒకటి. ఒక ఎర్ర దీపం, ఒక నీలం దీపం. దీపం వెలిగినప్పుడల్లా కడ్డీని చేతి వెనక ఒక్క క్షణం ఆనించాలి. ఎంత నొప్పి పుట్టిందో కాగితం మీద అంకె వెయ్యాలి. పద్దెనిమిది మందిలో పదమూడు మంది ఎర్ర దీపం దగ్గర పెద్ద అంకె వేశారు!

"మోసం! కడ్డీ మార్చేశావు!" అని లేచాడు ఎస్కిల్. క్లాసులో ముందు వాడి నోరు లేస్తుంది, ఆ తర్వాతే వాడు.

"వచ్చి వెతుక్కో."

వాడు నా బల్ల కింద, సంచీలో, చివరికి నా కోటు జేబుల్లో కూడా వెతికాడు. ఉన్నది ఒకటే కడ్డీ. ఎర్రరంగు చూడగానే మెదడు కాలుతుందేమోనని జాగ్రత్త పడింది, అంతే. నేను గాల్లో తేలుతున్నాను. సరిగ్గా అప్పుడే వాడు, "అంటే నొప్పంతా తలకాయలోనే ఉందన్నమాట! మైకెన్, విన్నావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. మైకెన్ నవ్వలేదు.

ఎలా నవ్వుతుంది? రెండేళ్ళ కిందటి వేసవిలో ఇంటి దొడ్లో ట్రాంపొలిన్ మీంచి పడి మోకాలు తిరిగింది. అది ఎప్పుడో మానిందని డాక్టర్లు అంటారు. మోకాలు ఒప్పుకోదు. పసిపిల్లలూ పాస్టరూ కూడా సైకిల్ మీద వచ్చే ఈ ఊళ్ళో, ఆ పిల్ల ఒక్కతే తొమ్మిది వందల మీటర్లకు అమ్మ కారులో వస్తుంది.

నవ్వులు ఆగేదాకా ఊరుకుని చెప్పాను. "నొప్పి నిజం. ఎప్పుడైనా, ఎవరికైనా, నిజమే. దొంగ పడిన ఇంట్లో కుక్క ఆ తర్వాత పోస్టుమ్యాన్‌ని చూసినా మొరుగుతుంది. అది అబద్ధమాడుతోందా? లేదు. ఇల్లు కాపాడుతోంది. కాకపోతే మరీ ఎక్కువగా కాపాడుతోంది."

"కుక్కని తన్నొచ్చా?"

"తంతే ఇంకా మొరుగుతుంది. పోస్టుమ్యాన్‌ని రోజూ కొంచెం కొంచెం దగ్గరికి తేవాలి."

గంట కొట్టాక మైకెన్ నా బల్ల దగ్గరికి వచ్చింది. "నా మోకాలు కుక్క కాదు" అంది.

"కాదు."

"ఈ పాఠం నా కోసం పెట్టావా?"

"లేదు లేదు."

నిజంగానే కాదు. కొంచెం.

జనవరి 31, శుక్రవారం

ఈ వారం కేకు తెచ్చే వంతు ఎస్కిల్‌ది. మధ్యలో కుంగిపోయింది, అయినా అందరూ తిన్నారు. తింటూ మే నెల క్యాంపు గురించి ఓట్లు వేశారు: సామ్సో ద్వీపం, మూడు రోజులు, మొత్తం సైకిళ్ళ మీద. గుడారాలూ తిండీ ప్రేబెన్ నడిపే మినీబస్సులో వస్తాయి. తొక్కలేనివాళ్ళు కూడా అందులోనే.

తొక్కలేనివాళ్ళు అన్నప్పుడు ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకపోవడం నాకు చూసినట్టే అనిపించింది.

సైకిళ్ళకు లేచిన చేతుల్లో మైకెన్ చెయ్యి కూడా ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

"బంగాళాదుంపల బస్తాలతో పాటు నన్నూ బండిలో వేస్తారు కదా. నాకది వద్దు" అంది మైకెన్. "మే 26న క్యాంపు. ఆలోపు ఏం చెయ్యాలో చెప్పు."

ఎదురుచూస్తున్న మాట! పాఠమైపోయాక ఇద్దరం లెక్క కట్టాం. మర్నాడు మంచాన పడకుండా ఎంతసేపు తొక్కగలదు? నాలుగు నిమిషాలు. అయితే నాలుగు. నొప్పి చూసి కాదు, గడియారం చూసి. కాలు మొరాయించిన రోజూ నాలుగే, హాయిగా ఉన్న రోజూ నాలుగే. వారం కుదురుగా గడిస్తే ఒక్క నిమిషం పెంచాలి. కుదరకపోతే అక్కడే ఆగాలి.

"హాయిగా ఉన్న రోజు కూడా దిగిపోవాలా? పిచ్చిలా ఉంది."

"అదే అసలు మందు. బాగున్న రోజున ఎగిరి, మర్నాడు కూలబడి, మళ్ళీ భయపడి. రెండేళ్ళుగా నువ్వు చేస్తోంది అదే కదా?"

"అవును" అంది.

ఫిబ్రవరి 6, గురువారం

వాళ్ళమ్మ డోర్తె ఫోన్ చేసింది. "రెండేళ్ళు కళ్ళల్లో పెట్టుకుని కాపాడిన మోకాలు అది. నీ ప్రయోగాలకి నా కూతురే దొరికిందా?"

గంటా పది నిమిషాలు మాట్లాడాను. చివర్లో, "సరే, ఆ గడియారం మాట దాటకపోతేనే. ఒక్క నిమిషం దాటినా నేనూరుకోను" అంది.

దాటదు. నేనుండగా ఎలా దాటుతుంది?

ఫిబ్రవరి 25

ఆరు!

మార్చి 11, మంగళవారం

ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రమ్మన్నాను: మూడు నెలలకు మించి నొప్పితో బతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. పద్దెనిమిది ఇళ్ళలో పదకొండు! పిల్లలే ఆశ్చర్యపోయారు. ఎస్కిల్ నాన్నకి తొమ్మిదేళ్ళుగా మెడనొప్పట. "నాకు తెలీదు. చికాకు మనిషి అనుకున్నా" అన్నాడు. ఆ తర్వాత పీరియడంతా వాడు ఒక్క జోకూ వెయ్యలేదు. నాకు వాడిని కావలించుకోవాలనిపించింది. అలాంటి పని చేస్తే వాడు స్కూలు మారిపోతాడు.

మార్చి 18

ఏడు. నిద్ర చాలని రోజున నొప్పి ఎందుకు పెరుగుతుందో చెప్పాను. సగం మంది ఆవులిస్తూ విన్నారు.

ఏప్రిల్ 1, మంగళవారం

తొమ్మిది. ఎస్కిల్ పరుగున వచ్చి "పన్నెండు తొక్కింది!" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. ఏప్రిల్ ఫూల్ అట. మైకెన్ పడీ పడీ నవ్వింది. ఆ పిల్ల నవ్వు ఇంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఏం ఎండ! ఏం రోజు! బడి వదిలాక పిల్లలంతా సైకిళ్ళ మీద సముద్రం దాకా వెళ్ళారు. మైకెన్ కూడా వెళ్ళింది! రానూ పోనూ పద్నాలుగు కిలోమీటర్లు! ఎస్కిల్ ఫోటో పంపాడు. ఆ పిల్ల నీళ్ళల్లో మోకాళ్ళ దాకా నిలబడి ఉంది, రెండు చేతులూ పైకెత్తి.

ఈ పాఠం దేశంలోని ప్రతి బడిలోనూ ఉండాలి. రేపే మంత్రిగారికి ఉత్తరం రాస్తాను.

నేనేమీ అనలేదు. గేటు దగ్గర చెయ్యి ఊపాను, అంతే.

ఏప్రిల్ 9

మైకెన్ రాలేదు.

ఏప్రిల్ 10

రాలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

డోర్తె వచ్చింది. ప్రేబెన్ గదిలో నిలబడే మాట్లాడింది.

"మంచం దిగలేకపోతోంది. మూడు రోజులైంది. మళ్ళీ లోపల ఏదో చిరిగింది. నొప్పంటే ఏమీ కాదని నువ్వు నూరిపోశావు, పిల్లలంతా కలిసి లాక్కుపోయారు."

"ఏమీ కాదని నేనెప్పుడూ అనలేదు" అన్నాను.

"క్యాంపుకి రాదు. బస్సులో కూడా రాదు."

ఆమె వెళ్ళాక ప్రేబెన్ కళ్ళజోడు తీసి తుడిచాడు. మిగిలిన మూడు పాఠాలు ఈస్టర్ తర్వాత చూద్దామన్నాడు. చూద్దామంటే వద్దని.

పద్నాలుగేళ్ళ పిల్లలు. ఎండ కాసింది. అందరూ కలిసి వెళ్దామన్నారు, ఒక్కరినీ వదలకూడదని ఇక్కడ బాలబడి నుంచీ మనమే నేర్పుతాం. వాళ్ళ ఉత్సాహాన్ని ఎవరు ఆపగలరు?

ఏప్రిల్ 13, ఆదివారం

డాక్టర్ చూశాడట. మోకాలు ఎప్పటిలాగే ఉంది, ఏమీ చిరగలేదు. చెప్పలేదూ నేను? చెప్పలేదూ!

మరి మంత్రిగారికి మొదలుపెట్టిన ఉత్తరాన్ని డ్రాయరులో ఎందుకు దాచేశాను?

ఏప్రిల్ 15, మంగళవారం

బేకరీలో ఎస్కిల్ కనపడ్డాడు. చేతిలో రొట్టెల సంచీ. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"వీబెకె, మైకెన్ వాళ్ళమ్మ మా ఇంటికి ఫోన్ చేసింది. మేమే బలవంతంగా తీసుకెళ్ళామంటోంది. మా నాన్న తిట్టాడు."

"నేను మాట్లాడతాలే."

"కానీ..." రొట్టెల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "మేం లాక్కెళ్ళలేదు. తను గేటు దగ్గర దిగిపోయింది కదా. నువ్వే కదా..."

"నేనేమన్నా?"

బడిలో అంత నోరున్న వాడు నా ముఖం చూసి తల దించుకున్నాడు.

ఎనిమిదో తారీఖున నేనేమీ అనలేదని రాశాను. అన్నాను.

మైకెన్ స్కూలు చుట్టూ తొమ్మిది నిమిషాలు తొక్కి, గేటు దగ్గర దిగి, "నాకింతే, మీరు వెళ్ళండి" అంది. అందరూ సరేనన్నారు. ఎస్కిల్ కూడా. అప్పుడు నేను వెళ్ళి ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి, "ఇంత ఎండ మళ్ళీ ఎప్పుడొస్తుంది? నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది హాయిగా ఉందని. ఈ ఒక్కరోజుకి గడియారం వదిలెయ్" అన్నాను. తను తటపటాయించింది. నేను చప్పట్లు కొట్టాను. నేను కొడితే అందరూ కొట్టారు.

నా పాఠం సముద్రం దాకా వెళ్తే చూడాలనిపించింది. అంతకన్నా వేరే కారణం లేదు. సిగ్గుగా ఉంది. ఈ వాక్యం రాయడానికి ఏడు రోజులు పట్టింది.

ఏప్రిల్ 16, బుధవారం

వెళ్ళాను.

డోర్తె తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా నిలబడింది. గుమ్మంలోనే చెప్పేశాను. పిల్లల తప్పు లేదు, మోకాలి తప్పు లేదు, పాఠం తప్పు కూడా కాదు. గడియారం వదిలెయ్యమన్నది నేను. లోపల సోఫాలో మైకెన్ కాళ్ళు చాపుకుని వింటోంది.

"అంటే," అంది డోర్తె, "నిమిషం కూడా దాటకూడదని నాకు గంటసేపు ఫోన్‌లో చెప్పినదానివి నువ్వే."

"నేనే."

"దాన్ని దాటించిందీ నువ్వే."

"అవును."

"బుద్ధుందా నీకు?"

లేదన్నాను. ఆమె ఇంకా తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. నా ఉత్సాహాన్ని, నా గొంతుని, చివరికి నా ఎర్ర కోటుని కూడా. అన్నీ పడ్డాను.

లోపల్నుంచి మైకెన్, "అమ్మా, ఇంక చాల్లే. కాఫీ ఇవ్వు తనకి" అంది.

కాఫీ ఇచ్చింది. పాలు పొయ్యలేదు.

"నాకు తెలుసు అది తప్పని," అంది మైకెన్ నాతో. "దిగుదామనే అనుకున్నా. కానీ రెండేళ్ళలో మొదటిసారి అందరితో కలిసి వెళ్ళా. నువ్వు అనకపోతే దిగేదాన్ని. నువ్వు టీచరువి కదా."

ఆ చివరి మాటకి నాకు తల కొట్టేసినట్టయింది.

"రెండో రోజు భయం వేసింది, మళ్ళీ చిరిగిందేమోనని. తర్వాత అనుకున్నా, చిరిగితే డాక్టర్‌కి కనపడుతుంది కదా అని. నిన్న వంటింట్లోంచి గేటు దాకా నడిచా. రెండుసార్లు. ఇవాళ కూడా రెండుసార్లే. నాలుగు నిమిషాల నుంచి మళ్ళీ మొదలుపెడతా. క్యాంపుకి వెళ్తా అమ్మా. ఎంత తొక్కితే అంత. మిగతాది బస్సులో."

డోర్తె కిటికీ బయట ట్రాంపొలిన్ వైపు చూస్తూ కూర్చుంది. అది కొన్నది తనే. ఈ రెండేళ్ళూ దాన్ని విప్పలేదు, ఎవరినీ ఎక్కనివ్వలేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"వెళ్ళనీ. నీ పాఠాలూ చెప్పుకో. ప్రేబెన్‌తో నేను మాట్లాడతా. ఒక్కటే షరతు. క్యాంపులో నువ్వు దాని పక్కన తొక్కకూడదు. దాని దరిదాపుల్లో కూడా తొక్కకూడదు. బస్సులో కూర్చోవాలి. నోరు మూసుకుని."

"నేనా? సామాన్ల బండిలోనా?"

"నువ్వే."

మైకెన్ దిండు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఏప్రిల్ 22, మంగళవారం

ఆరో పాఠం. జరిగింది జరిగినట్టు క్లాసుకి చెప్పాను. బోర్డు మీద గీత గీశాను: నాలుగు, ఆరు, తొమ్మిది, పైకి ఒక్క ఎగురు, కింద గొయ్యి.

"అంటే టీచర్ ఫెయిలయిందన్నమాట" అన్నాడు ఎస్కిల్. వాడి నోరు మళ్ళీ తెరుచుకున్నందుకు ఎంత సంతోషమో!

"అయ్యాను."

"మళ్ళీ పరీక్ష ఉందా?"

"ఉంది. మే 26న."

వెనక బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తి, బాగున్న రోజున ఆపడం అంత కష్టమా అని అడిగింది. నేను నోరు తెరిచాను. మైకెన్ నా కన్నా ముందు, "చాలా" అంది.

ఇంత మంచి పాఠం నేను ఎప్పుడూ చెప్పలేదు. సగం నేను చెప్పనే లేదు.

ఏప్రిల్ 29

నాలుగు నుంచి ఆరుకి. పాత దారే కదా, ఈసారి ఐదు రోజులకో నిమిషం పెంచుకుంటోంది. నేనేమీ అనలేదు. నిజంగానే.

మే 13

తొమ్మిది. రోజుకు రెండుసార్లు. నేనేమీ అనలేదు. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూశాను, అంతే.

మే 25, ఆదివారం

గుడారాలు బస్సులోకి ఎక్కించాం. నా సీటు ఉల్లిపాయల బుట్టకీ, వంట గిన్నెల పెట్టెకీ మధ్య. ప్రేబెన్ దానికి నా పేరు రాసిన కాగితం అతికించాడు. పండగ ముందు రోజు పిల్లలా ఉంది నా పరిస్థితి.

మే 26, సోమవారం, సామ్సో

గుడారంలో రాస్తున్నాను. ఇంకా వెలుగుంది. బయట ఎవరో బంగాళాదుంపలు మాడ్చేశారు.

ఓడ దిగగానే పద్దెనిమిది సైకిళ్ళు బారుగా బయల్దేరాయి. మైకెన్ ఇప్పుడు పదకొండు నిమిషాలు తొక్కుతోంది; అంతలో ఎక్కడికి చేరుతుందో లెక్క కట్టి, ప్రేబెన్ బస్సు ముందుకు తీసుకెళ్ళి చర్చి పక్కన ఆపాడు. సరిగ్గా ఆ చర్చి దగ్గరే దారి కిందికి తిరుగుతుంది. దిగుడంతా పొలాల మధ్య నుంచి సముద్రం దాకా. పెడల్ తొక్కక్కర్లేదు, సైకిల్ తనే పోతుంది.

వచ్చారు. మధ్యలో మైకెన్. ముఖం ఎర్రబడింది, జుట్టు రేగింది, ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది. కాలు ఆడుతున్న తీరు చూస్తే తెలుస్తుంది, హాయిగా ఉంది. ఒక్క మలుపు, ఆ తర్వాతంతా గాలే పని చేస్తుంది. నా నాలుక చివరికి వచ్చేసింది: ఇంకొక్క రెండు నిమిషాలు! ప్రేబెన్ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

బ్రేకు వేసి దిగింది. మిగతావాళ్ళు కేకలు పెడుతూ కిందికి జారిపోయారు. ఎస్కిల్ వెనక్కి తిరిగి, "కింద కలుద్దాం, బస్తా!" అని అరిచాడు. "పోరా!" అని అరిచింది ఈ పిల్ల.

ప్రేబెన్ సైకిల్ ఎక్కించబోతుంటే, "ఆగు" అంది. బస్సు తలుపు తీసి నా ఎదురుగా నిలబడింది.

"నొప్పుందా అని అడగవేం?"

"అడగను."

"లేదు. అసలు లేదు. ఇంకో అరగంట తొక్కగలను."

నేను ఉల్లిపాయల వైపు చూశాను.

"సాయంత్రం ఇంకో పదకొండు ఉంది. రేపు కూడా. వచ్చే నెల అమ్మ కారు వద్దని చెప్పాలి" అంది. "నువ్వు దిగు. నా సైకిల్ తీసుకో."

"మీ అమ్మ షరతు..."

"నా పక్కన తొక్కొద్దంది. నేను బస్సులో ఉన్నాగా. వెళ్ళు, వాళ్ళని పట్టుకో. పదకొండు నిమిషాలు. ఒక్కటి ఎక్కువైనా అమ్మకి చెప్తా."

యాభై నాలుగేళ్ళ మనిషిని, ఆ దిగుడు మీద పిల్లలా అరుచుకుంటూ పోయాను! టోపీ ఎగిరిపోయింది. ఎస్కిల్‌ని దాటేశాను. ఆరేళ్ళు నేల మీద పడుకున్న నా నడుము ఎక్కడుందో కూడా తెలియడం లేదు. దిగుడు అయిపోయి సముద్రం పక్కన చదును దారి వచ్చింది. వెనక గాలి, పక్కన పిల్లలు, కాళ్ళల్లో అంతులేని బలం. అప్పుడు చేతి గడియారం చూసుకున్నాను. పదకొండు.

ఎవరూ చూడటం లేదు. బస్సు ఇంకా వెనకే ఉంది. ఒళ్ళంతా పో, పో అంటోంది. ఒక్క నిమిషంలో ఏమవుతుంది?

బ్రేకు వేసి దిగాను. పిల్లలంతా నన్ను దాటి వెళ్ళిపోయారు. దారి పక్కన సైకిల్ పట్టుకుని నిలబడితే ఏడుపొచ్చింది. ఇంత కష్టమైన పనిని ఆ పిల్ల ఫిబ్రవరి నుంచీ రోజూ చేస్తోంది.